మంచె మీద చలి, భుజం మీద గొంగడి: పాలమూరులో వేట బట్టల కథ

ఈ ఎపిసోడ్‌లో కొంచెం వింత టాపిక్ పట్టుకొచ్చాను. అమెరికా హంటింగ్ వీడియోలు మీ ఫీడ్‌లో కూడా వచ్చే ఉంటాయి. నవంబర్ చలిలో ఒకాయన చెట్టు మీద చిన్న స్టాండ్ కట్టుకుని, జింక కోసం గంటల తరబడి కదలకుండా కూర్చుంటాడు. దానికి ముందు ఓ పది నిమిషాలు బట్టల గురించే చెప్తాడు. ఒంటికి అంటుకునే పొర ఒకటి, దాని మీద వేడిని ఆపే పొర, ఆ పైన గాలిని, వానను ఆపే పొర. మూడు లేయర్లు. నడిచేటప్పుడు విప్పాలి, కూర్చున్నాక తొడగాలి. ఎందుకంటే నడకలో పట్టిన చెమట, కూర్చున్నాక చల్లబడి వణికిస్తుంది.

అది చూసినప్పుడు నాకు మా పాలమూరు గుర్తొచ్చింది. చెట్టు మీద మంచె కట్టుకుని చలిలో కూర్చోవడం మనకేమన్నా కొత్తనా? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016 అక్టోబర్ 11న వేరే జిల్లాలయ్యాయి. అంతకుముందు ఇదంతా ఒకే మహబూబ్‌నగర్. ఈ నేల మీద మూడు రకాల మనుషులు రాత్రిపూట జంతువు కోసం మేలుకున్నారు: దొరలు, చెంచులు, రైతులు. వాళ్ల ఒంటి మీద ఏమున్నదో చూస్తే వాళ్ల చరిత్ర సగం తెలిసిపోతుంది.

ముందు దొరల సంగతి. ఇది తొందరగా చెప్పేస్తా, ఎందుకంటే వీళ్ల గురించి రాసినవి, తీసిన ఫోటోలు చాలానే ఉన్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు పులి వేట అంటే పిచ్చి. ఆయన వేట క్యాంపులను రాజా దీన్ దయాళ్ తీసిన ఫోటోలు ఇప్పటికీ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. మన నల్లమలలో, మన్ననూరు దాటాక ఘాట్ ఎక్కితే ఫరాహాబాద్ వస్తుంది. అక్కడ నిజాంల వేట బంగ్లా శిథిలాలు ఉన్నాయి. సఫారీకి పోయినోళ్లు చూసే ఉంటారు.

ఆ కాలం షికారీ వేషం ఏంటంటే ఖాకీ కోటు, ఉన్ని మేజోళ్లు, తలకు బెండు టోపీ. ఖాకీ అంటే దుమ్ము రంగు. 1840లలో పెషావర్ వైపు బ్రిటిష్ సైన్యంలోని గైడ్స్ దళం ఈ రంగు బట్టలు వేసుకోవడం మొదలుపెట్టింది. ఎండిన గడ్డిలో కలిసిపోతుంది కాబట్టి తర్వాత వేటగాళ్లకూ అదే నచ్చింది. ఇక్కడ ఒక సరదా విషయం. జింకకు మనలాగా ఎరుపు, నారింజ రంగులు విడిగా కనిపించవు. నీలం మాత్రం బాగా కనిపిస్తుంది. అందుకే అమెరికాలో వేటగాళ్లు నారింజ రంగు చొక్కా వేసుకుంటారు. తోటి వేటగాడికి కొట్టొచ్చినట్టు కనపడుతుంది, జింకకు పెద్దగా తేడా తెలియదు. అంటే నీలం జీన్స్ వేసుకుని జింకలను ఫోటో తీద్దామని పోయేవాళ్లు కొంచెం ఆలోచించుకోండి.

ఆ ఫోటోల్లో ఇంకొకటి చూడండి. కోటు వేసుకున్నాయన మంచె మీద, ఏనుగు మీద ఉంటాడు. జంతువును తోలడానికి డప్పులు కొట్టుకుంటూ అడవిలోకి నడిచేది మాత్రం ఊరి జనం. దీన్ని హాకా అంటారు. అధికారి ఊరికొస్తే మోతలు మోయడం, గుడారాలు వేయడం వెట్టిలో భాగం. పైన లేయర్ల మీద లేయర్లు, కింద ముళ్లలో గోచి, రుమాలు.

ఇప్పుడు చెంచులు. 1940లో క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త అమ్రాబాద్ పీఠభూమికి వచ్చాడు. అప్పుడు రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్నది. ఆయనది జర్మన్ పాస్‌పోర్ట్, అంటే బ్రిటిష్ వాళ్ల లెక్కలో శత్రుదేశం మనిషి. హైదరాబాద్ రాజ్యం దాటి తిరిగే వీల్లేక ఇక్కడి అడవి మనుషుల మధ్య బతికాడు. 1943లో చెంచుల మీద పెద్ద పుస్తకం వేశాడు. ఆయన చూసిన చెంచు మగవాళ్లకు గోచి, చేతిలో విల్లు, బాణాలు. మరి చలికి? నెగడు. రాత్రంతా నిప్పు పక్కనే పడుకోవడం. వాళ్ల లేయర్ అదే అనుకోండి. మంచె మీద కూర్చుని జంతువు వచ్చేదాకా వణుకుతూ కాచుకోవడం కన్నా, జాడ పట్టుకుని నడవడం వాళ్ల పద్ధతి. నడిచేవాడికి బరువు బట్ట అడ్డమే కదా. ఒంటి మీద బట్ట లేకపోవడాన్ని మనం పేదరికం అనేస్తాం. కొంత అది నిజమే కానీ, మొత్తం అదే కాదు.

ఇక అసలు కథ రైతుది, గొర్ల కాపరిది. అంటే గొంగడిది.

జొన్న చేనులో నాలుగు గుంజలు పాతి, మీద మంచె కట్టి, పగలు వడిసెలతో పిట్టలను, రాత్రి అరుపులతో అడవి పందులను, జింకలను తోలడం మా పెద్దోళ్ల పని. ఇది వేట కాదు, కాపలా. కానీ అమెరికా వేటగాడికి ఉన్న కష్టాలే ఇక్కడా ఉన్నాయి: కదలకుండా కూర్చోవాలి, కింద నుంచి కూడా గాలి కొడుతుంది, తెల్లారుజామున మంచు కురుస్తుంది. వీటన్నిటికీ మా తాతకు ఒకటే మందు, నల్ల గొంగడి. లోపల నూలు బనియన్, పంచె. మీద గొంగడి. పరిస్తే పరుపు, కప్పుకుంటే దుప్పటి, వానొస్తే ఒక మూల మడిచి తల మీదికి లాక్కుంటే టోపీ ఉన్న జాకెట్.

ఇది దక్కని గొర్రె ఉన్ని. ఈ పీఠభూమి ఎండకు, కరువుకు అలవాటు పడ్డ గొర్రె. ఎక్కువగా నలుపే. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఉన్నిని ఏకి, ఆడవాళ్లు రాట్నం మీద దారం తీస్తారు. పడుగు దారానికి చింతగింజల గంజి పట్టిస్తారు, దాంతో దారం బిర్రుగా అవుతుంది. తర్వాత గుంట మగ్గం మీద కురుమలు నేస్తారు. రంగు వేసే పని లేదు, గొర్రె రంగే గొంగడి రంగు.

సైన్స్ ఏమంటుందంటే, ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమను లోపలికి పీల్చుకున్నా మనకు తడిగా అనిపించదు. పైగా పీల్చుకునేటప్పుడు కొంచెం వేడిని వదులుతుంది. పోగు పైభాగం నీటి చుక్కను తొందరగా లోపలికి రానివ్వదు. తడిసిన నూలు బట్ట మాత్రం ఒంటికి అతుక్కుని వేడిని లాగేస్తుంది. అందుకే హంటింగ్ వీడియోల్లో "కాటన్ వద్దు, ఉన్ని కావాలి" అని మొత్తుకుంటారు. ఇంకో సుగుణం, ఉన్ని చప్పుడు చేయదు. పాలిస్టర్ జాకెట్ వేసుకుని మంచె మీద చెయ్యి కదిపితే సరసరమని అర ఫర్లాంగు వినపడుతుంది. అయితే నిజం చెప్పాలంటే మన గొంగడి గుచ్చుకుంటది. మెరినో ఉన్నిలాగా మెత్తగా ఉండదు. అందుకే లోపల నూలు పొర ఉండాల్సిందే. బరువు కూడా ఎక్కువే. గొంగడి అన్నిటికన్నా గొప్పదని నేను అనను. ఈ నేలకు, ఈ చలికి, ఈ పనికి సరిపోయిందని అంటాను.

గద్వాల అనగానే అందరికీ చీర గుర్తొస్తుంది. నూలు ఒళ్లు, పట్టు అంచు. దానికి 2010లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మంచిదే. కానీ ఆ సంస్థానంలో, పక్క వనపర్తి సంస్థానంలో చేను కాసినోడి భుజం మీదున్న బట్టకు అంత పేరు రాలేదు. గొంగడికి పేరు వచ్చిందంటే పాట వల్ల వచ్చింది. గద్దర్ భుజాన గొంగడి, చేతిలో కర్ర లేకుండా ఆయన్ని మీరు ఊహించుకోగలరా? 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకీ గుండుకు చనిపోయిన దొడ్డి కొమరయ్య పుట్టింది కూడా ఈ గొంగడి నేసే కురుమ కులంలోనే.

మరి ఇప్పుడు? జింక వేట మాట ఎత్తొద్దు. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అది నేరం. కృష్ణ జింక లాంటి షెడ్యూల్ 1 జంతువును చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. నిజాంలు వేటాడిన అడవి ఇప్పుడు 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. ఇది నాకు సంతోషమే. కానీ కాపలా ఆగలేదు. కృష్ణ ఒడ్డున మాగనూర్, మక్తల్ వైపు జింకల మందలు చేలల్లో పడితే రైతు వాటిని తోలాలే తప్ప ముట్టుకోవద్దు. అడవి పక్క ఊర్లలో పందుల కోసం దొంగచాటుగా కరెంటు తీగలు పెట్టి, ఆ తీగకే మనుషులు చనిపోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. మంచె మీద మేలుకునే మనిషి లేని చోటే ఆ తీగ వచ్చింది.

గొంగడి సంగతీ అంతే. మాంసానికి గిరాకీ పెరిగాక ఉన్ని లేని, తొందరగా బరువు పెరిగే నెల్లూరు జాతి గొర్రెలు మందల్లోకి వచ్చాయి. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. లెక్కంతా మాంసందే, ఉన్ని ఊసే లేదు. దక్కని గొర్రె ఉన్నోళ్లు కూడా కత్తిరించిన ఉన్ని కొనేవాడు లేక పారేస్తున్నారు. చవకగా వచ్చే మిల్లు రగ్గు రెండేళ్లకు చిరుగుతుంది. గొంగడి తాత నుంచి మనవడికి వచ్చేది. అయినా రగ్గే గెలిచింది, ఎందుకంటే గొంగడి నేయడానికి రోజులు పడుతుంది, ఆ రోజులకు కూలి ఇచ్చే ధర ఎవరూ పెట్టరు.

ఇదే టైంలో ఆన్‌లైన్‌లో ఉన్ని బేస్ లేయర్ ఒకటి వేల రూపాయలు పలుకుతున్నది. మీ ఇంట్లో అటక మీద పాత గొంగడి ఉంటే దించండి. ఎండకు వేయండి, వాషింగ్ మెషీన్‌లో మాత్రం వేయకండి, ముద్దయిపోతుంది. వచ్చే ఎపిసోడ్‌లో వనపర్తి రాజుల ఆఫ్రికన్ గుర్రపు దళం గురించి, హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేరు ఎట్లా వచ్చిందో మాట్లాడుకుందాం.