సంఘం పెరిగినప్పుడు సణుగు వినబడితే

"ప్రభువా, మా సంఘాన్ని విస్తరింపజేయుము" అని ప్రార్థించని విశ్వాసి ఉండడు. అయితే ఆ ప్రార్థనకు జవాబు వచ్చి, నలభై కుటుంబాల సంఘం నూట నలభై కుటుంబాలైతే మనమే కలవరపడతాం. మందిరంలో చోటు చాలదు. కాపరి ప్రతి ఇంటికీ రాలేడు. "ఇదివరకటి ప్రేమ ఇప్పుడు లేదు" అని పాతవారు అంటారు. "మమ్మల్ని పలకరించేవారే లేరు" అని కొత్తవారు నొచ్చుకుంటారు. దేవుడు మనలను విడిచిపెట్టాడా? లేదు. మనం అడిగినదాన్ని ఆయన ఇచ్చాడు, దానితోపాటు బాధ్యతనూ ఇచ్చాడు.

యెరూషలేము సంఘాన్ని చూడండి. మేడగదిలో సుమారు 120 మంది. పెంతెకొస్తు దినాన మూడువేల మంది చేర్చబడ్డారు. కొద్దికాలానికే పురుషుల సంఖ్యే ఐదువేలైంది. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం ఆరంభంలో, శిష్యుల సంఖ్య విస్తరించిన ఆ దినాల్లోనే, సణుగు పుట్టింది. గ్రీకుభాష మాట్లాడే యూదుల విధవరాండ్రు అనుదిన పరిచర్యలో నిర్లక్ష్యం చేయబడ్డారు. ఆకలితో ఉన్న విధవరాలికి ఇది చిన్న సంగతి కాదు.

అప్పుడు పన్నెండుమంది ఏం చేశారు? సణిగినవారిని గద్దించలేదు. "మీకు వేరే సంఘం పెట్టుకోండి" అని పంపివేయలేదు. అన్ని పనులూ తామే నెత్తిన వేసుకుని వాక్యాన్నీ ప్రార్థననూ విడిచిపెట్టలేదు. విశ్వాసులందరినీ పిలిచి, ఆత్మతోను జ్ఞానముతోను నిండుకొన్న ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. నొచ్చుకున్న పక్షంవారి చేతికే పంపకం బాధ్యత అప్పగించారని చాలామంది వ్యాఖ్యాతలు గ్రహిస్తారు. ఫలితమేమిటి? వాక్యం ప్రబలమైంది, యాజకులు సైతం విశ్వసించారు. బల్లల దగ్గర సేవకు ఏర్పరచబడిన స్తెఫను మొదటి హతసాక్షి అయ్యాడు. ఫిలిప్పు సమరయకు సువార్త తీసుకెళ్లాడు. అపొస్తలులు పని పంచకపోయి ఉంటే ఆ వరాలు ఎవరికి కనబడేవి?

మన తెలుగు సంఘ చరిత్రలోనూ ఇటువంటి పాఠం ఉంది. ఒంగోలు బాప్టిస్టు సంఘం 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఏర్పడింది. ఎర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ విశ్వాసులు సంఘంలోకి వస్తున్నప్పుడు, వారిని చేర్చుకుంటే తాము రామని పై కులాలవారు చెప్పారు. క్లౌ దొరగారు, ఆయన భార్య 1 కొరింథీయులకు 1వ అధ్యాయం చదివి, లోకం తృణీకరించినవారిని దేవుడు ఏర్పరచుకుంటాడని గ్రహించి, ఆ నష్టానికి సిద్ధపడ్డారు.

తరువాత 1876-78 నాటి మహా కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని కల్పించారు. జనం బాప్తిస్మం అడుగుతున్నా, కూటి కోసం వచ్చారనే మాట రాకూడదని కరువు సహాయం ముగిసేవరకు ఆపారు. చివరకు 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. బాప్తిస్మమిచ్చినది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీటిలో దిగి ఇచ్చారు. ఒక్కరి చేతులతో అయ్యే పని కాదది.

ప్రియులారా, మన సంగతేమిటి? సంఘంలో సణుగు వినబడినప్పుడు "ఎవరు సణిగారు?" అని విచారించడం సులువు. "ఎవరు ఆకలితో మిగిలిపోయారు?" అని అడగడమే ఆత్మీయత. వెనుక వరుసలో కూర్చుని, ఆరాధన ముగియగానే మౌనంగా వెళ్లిపోయే విధవరాలు ఎవరు? మన పేటవారు కారని, మన బంధువులు కారని కమిటీలో చోటు దొరకనివారు ఎవరు? ఇరవై ఏళ్లుగా ఒక్కరి చేతిలోనే ఉన్న తాళాలూ లెక్కల పుస్తకమూ నమ్మకమైన మరొకరికి నేర్పి అప్పగిస్తే నష్టమేమిటి? అలసిన కాపరి కోసం ప్రార్థించి ఇంటికి వెళ్లిపోవడమేనా, ఆయన భారంలో ఒక పాలు మోయడమా?

సణుగు లేని సంఘం కావాలంటే చిన్నదిగా ఉండిపోవచ్చు. కానీ అప్పుడూ సణుగు ఉంటుంది, ఎదుగుదల మాత్రం ఉండదు. ఈ ఆదివారం మందిరంలో మీకు పేరు తెలియని ఒక్కరి దగ్గరకు వెళ్లి కూర్చోండి. వారి కష్టం వినండి. మనం అడిగిన ఎదుగుదలకు మనమివ్వవలసిన జవాబు అక్కడే మొదలవుతుంది.