ముక్కుకు ఈత రాదు

ఈతకొలను అడుగున మోకాళ్ల మీద కూర్చున్నాను. ఎదురుగా ఇన్‌స్ట్రక్టర్. తన మాస్క్‌ను వేలితో చూపించి, లాగెయ్ అన్నట్టు సైగ చేశాడు.

లాగేశాను.

చల్లటి నీళ్లు కళ్ల మీదా ముక్కు మీదా ఒక్కసారే కొట్టాయి. నోట్లో రెగ్యులేటర్ ఉంది. వీపున సిలిండర్ నిండా గాలి ఉంది. పీల్చుకోవడమే తరువాయి. నేను పీల్చలేదు. ఛాతీ రాయిలా బిగుసుకుంది. ఒకటి, రెండు, మూడు... పది దాకా అట్లాగే ఉన్నాను. ఆ తర్వాత పీల్చాను, ముక్కుతో.

ఆపైన జరిగింది వరుసగా గుర్తు లేదు. తల పైకొచ్చింది, దగ్గుతున్నాను, కనుబొమల వెనక కారం రాసినట్టు మంట. సిగ్గుచేటు ఏమిటంటే ఆ నీళ్లు నా భుజాల దాకా కూడా లేవు. లేచి నిలబడితే సరిపోయేది.

"ఈతొచ్చన్నావు కదా తమ్ముడూ?" అన్నాడాయన. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. ఆయనది విశాఖపట్నం.

"వస్తది సార్. మా బాయిల అడుగుదాంక పోయి మట్టి తెస్త." దగ్గు మధ్యలోనే ఈ గొప్ప.

"అదే వచ్చిన చిక్కు" అని నవ్వాడు.

చిక్కేమిటో అర్థం కావడానికి నాకు మూడు రోజులు పట్టింది.

మాది మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలం. 2016 అక్టోబరు 11 దాకా వరంగల్ జిల్లా వాళ్లం. మాకు అన్నిటికంటే దగ్గరి సముద్రమే రెండు వందల కిలోమీటర్ల పైమాట. నీళ్లంటే మాకు పాకాల వాగు, వానాకాలంలో భీముని పాదం జలపాతం, ఏడాది పొడవునా పొలాల్లోని బాయిలు. చిన్నాయన నా నడుముకు చేదతాడు, వీపుకు బెండు కట్టి మోట బాయిలోకి తోసేశాడు. పాఠం ఒక్కటే ముక్క: "ఊపిరి బిగబట్టు." బెండు విప్పిన మరుసటి వేసవికి మట్టి తెచ్చుడు పోటీల్లో నేనే మొనగాణ్ని. గుప్పెట్లో నల్లమట్టితో పైకొస్తుంటే గట్టు మీద ఈలలు. ఎంతసేపు ఊపిరి ఆపితే అంత పేరు.

స్కూబా డైవింగ్‌లో మొదటి రోజు, మొదటి గంటలో చెప్పే మొదటి రూలు దీనికి సరిగ్గా తలకిందులు. ఊపిరి ఎన్నడూ బిగబట్టొద్దు.

ఇది భయపెట్టడానికి పెట్టిన రూలు కాదు. సముద్రంలో పది మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి రెండింతలవుతుంది. ఆ లోతులో రెగ్యులేటర్ ఇచ్చే గాలీ అంతే ఒత్తిడితో వస్తుంది. అక్కడ నిండుగా పీల్చి, గొంతు బిగించి పైకొస్తే ఆ గాలి రెండింతలు ఉబ్బాలని చూస్తుంది. పోయే దారి లేకపోతే ఊపిరితిత్తులు చిరుగుతాయి. పది మీటర్లే అక్కర్లేదు, నాలుగడుగుల లోతు నుంచి అట్లా వచ్చినా ప్రమాదమే. మరి బాయిలో నాకేమీ కాలేదేం? గట్టు మీద పీల్చిన గాలి అది. లోపలికి పోతే కుంచించుకుంటుంది, పైకొస్తే మళ్లీ తన పాత కొలతకు వస్తుంది, అంతే. ఇరవై ఏళ్లుగా నా ఒంటికి పట్టిన విద్య ఇక్కడ నన్నే కాటేస్తుంది. మాస్క్ తియ్యగానే నేను ఊపిరి ఆపింది భయంతో కాదు, అలవాటుతో. భయం ఆ తర్వాత వచ్చింది.

అసలు గూడూరోడికి స్కూబా ఎందుకంటారా? దానికి 2019 దాకా పోవాలి.

ఆ ఏడు సెప్టెంబరు 15, ఆదివారం. గోదావరిలో అయిదు లక్షల క్యూసెక్కులకు పైగా వరద. పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర బోల్తా పడింది. 77 మందిలో బతికి బయటపడింది 26 మంది. మా వైపే ఉన్న కాజీపేట దగ్గరి కడిపికొండ నుంచి 14 మంది వెళ్లారు, అయిదుగురే తిరిగొచ్చారు. మా వైపు ఇళ్లల్లో నెల రోజులు టీవీ ఆపలేదు.

బోటు గోదావరి అడుగున ఉండిపోయింది. కాకినాడ నుంచి ధర్మాడి సత్యం బృందం వచ్చింది. ఇనుప తాళ్లు, లంగర్లు, ఒడ్డున పొక్లెయినర్. వరద పెరిగితే పని ఆగేది. తాడు తగిలినట్టే తగిలి జారిపోయేది. లాగితే ముక్కలు వచ్చేవి. చివరికి విశాఖపట్నం నుంచి డైవర్లను పిలిపించారు. ఇసుకలో, బురదలో కూరుకుపోయిన బోటుకు తాడు కట్టాలంటే మనిషే కిందికి దిగాలి. అక్టోబరు 22న, ప్రమాదం జరిగిన 38వ రోజున బోటు ఒడ్డుకు వచ్చింది. అందులో చిక్కుకున్న వాళ్లూ వచ్చారు.

ఆ డైవర్లు నీళ్లల్లోకి జారడం టీవీలో చూసి నేను వేసుకున్న ప్రశ్న చాలా చిన్నది: అంత బురదనీళ్లలో వీళ్లకు ఏం కనబడుతుంది? ఏమీ కనబడదు. ఆ ఎర్రనీళ్లలో మాస్క్ ఉన్నా లేకున్నా చూపుకు ఒకటే. చేతులే కళ్లు, మిగిలేది నోట్లోని గాలి. ఆ మాట నన్ను వదల్లేదు. చాన్నాళ్ల తర్వాత, చేతిలో నాలుగు రూపాయలు మిగిలాక, విశాఖ రైలెక్కాను.

రెండో రోజు ఇన్‌స్ట్రక్టర్ నన్ను కొలనులోకి దింపలేదు. ఒక బకెట్ నిండా నీళ్లు పెట్టి, చేతికి స్నార్కెల్ గొట్టం ఇచ్చాడు.

"మొహం ముంచు. మాస్క్ లేదు. నోటితో పీల్చు, నోటితో వదులు. అంతే."

ముంచాను. నాలుగో ఊపిరికే నీళ్లు ముక్కులోకి. లేచాను.

"నీ ముక్కుకు ఈత రాదు తమ్ముడూ. నీకొచ్చినా దానికి రాదు. దానికి వేరేగా నేర్పాలి" అన్నాడు.

ముక్కూ నోరూ గొంతు వెనక కలుస్తాయి. అంగిలి వెనకాల, కొండనాలుక వేలాడే చోట మెత్తటి కండ తలుపులా ఉంటుంది. అది పైకి లేస్తే ముక్కు దారి మూసుకుంటుంది. ఇంత వివరం ఆయన చెప్పినా నా బుర్రకెక్కలేదు. ఎక్కించింది మా నాయనమ్మ. ఆమె కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదేది. బుగ్గలు పొంగుతాయి, గాలంతా గొట్టంలోంచే పోతుంది, ముక్కులోంచి ఒక్క పిసరు రాదు. ఆ తలుపు ఆమె రోజూ ముప్పూటలా మూసేదన్నమాట, పేరు తెలియకుండానే. బకెట్ ముందు కూర్చుని పొయ్యి ఊదుతున్నట్టు గాలి వదిలాను. లోపల తలుపు పడింది. దాన్ని అట్లాగే ఉంచి పీల్చాను. నీళ్లు రాలేదు.

ఆ సాయంత్రం లాడ్జి గదిలోనూ బకెట్‌తో అదే పని. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. గది కుర్రాడు టీ తెచ్చి, బకెట్లో తలపెట్టిన నన్ను చూసి, కప్పు గుమ్మంలోనే పెట్టి వెళ్లిపోయాడు.

నోట్లోని ఆ రెగ్యులేటర్‌కూ ఒక కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో పెట్రోలు దొరక్క కార్లను గ్యాస్‌తో నడిపేవారు. అందుకోసం ఎమిల్ గన్యాన్ అనే ఇంజినీరు చేసిన వాల్వ్‌ను, నౌకాదళ అధికారి జాక్ కూస్తో మనిషి నోటికి పనికొచ్చేలా మార్పించాడు. 1943లో మార్న్ నదిలో మొదటి పరీక్ష. నిలువుగా ఉంటే గాలి ఊరికే పోయింది, తలకిందులైతే అందలేదు. దాన్ని సరిచేసుకుని ఆ వేసవికే మధ్యధరా సముద్రంలోకి దిగారు. పీలిస్తే ఇస్తుంది, ఆపితే ఆగుతుంది. ఆ యంత్రం అడిగిన వాడికి ఎప్పుడూ లేదనలేదు. అడగనిది నేనే.

మూడో రోజు. మళ్లీ అదే కొలను, అదే సైగ. పరీక్ష ఏమిటో ముందే చెప్పారు: మాస్క్ లేకుండా నిమిషం పాటు ఊపిరి తీసుకోవాలి. అది అయ్యాక, మరో పాఠంలో, మాస్క్ లేకుండానే పదిహేను మీటర్లు ఈదాలి. సముద్రంలో పక్కవాడి కాలి ఫిన్ తగిలి మాస్క్ ఊడొచ్చు, పట్టీ తెగొచ్చు. అప్పుడు పైకి దూకేవాడికి ఊపిరితిత్తుల ప్రమాదం, కింద నిదానంగా ఊపిరి తీసేవాడికి ఏమీ కాదు.

"గడ్డం కొంచెం కిందికి పెట్టు" అన్నాడు దిగే ముందు. తల వెనక్కి వాలిస్తే ముక్కు గిన్నెలా నీళ్లు పట్టుకుంటుంది. కిందికి చూస్తే ముక్కులో కాసింత గాలి నిలుస్తుంది.

లాగేశాను. చల్లటి దెబ్బ. ఛాతీ మళ్లీ బిగుసుకోబోయింది. నాయనమ్మ పొయ్యి. ఊదాను. బుడగలు చెంపల మీదుగా గులగులమంటూ పోయాయి. పీల్చాను. పొడి గాలి, రబ్బరు వాసన. ఊదాను. కళ్లు తెరిస్తే ఇన్‌స్ట్రక్టర్ ఒక నీలం మరక, అంతే. నా మోచెయ్యి పట్టుకుని ఉన్నాడు కాబట్టి ఉన్నాడని తెలుసు. ఎన్ని ఊపిర్లో లెక్క పెట్టలేదు. ఒక చోట గొంతులోకి రెండు చుక్కలు జారాయి. రెగ్యులేటర్ తియ్యకుండా దాంట్లోకే దగ్గాను. అట్లా దగ్గొచ్చని నాకప్పటిదాకా నమ్మకం లేదు.

భుజం మీద తట్టాడు. మాస్క్ పెట్టుకుని, పైఅంచు నొక్కి పట్టి, తల ఎత్తి ముక్కుతో గట్టిగా ఊదాను. నీళ్లు కింది అంచులోంచి పోయాయి. ఆయన మొహం తేటపడింది. వేళ్లతో ఒకటి, సున్నా, సున్నా చూపించాడు. వంద సెకన్లు.

రుషికొండ దగ్గర సముద్రంలో తర్వాత చేసింది చెప్పుకోదగ్గదేమీ కాదు. నీళ్లు ఉప్పగా ఉన్నాయి, కళ్లు మండాయి, పని అయింది.

ఊరికొచ్చాక పిల్లలు అడుగుతున్నారు, బాయిలో చూపించమని. బకెట్, గొట్టం చాలు, మొహం ముంచి నేర్చుకోండి, పక్కన పెద్దవాళ్లుండాలి అని చెబుతున్నాను. పెద్దవాళ్లూ, మట్టి తెచ్చుడు పోటీలు మాత్రం మానిపించండి. గబగబా పది ఊపిర్లు తీసి మునిగే పిల్లలు ఎక్కువసేపు ఉండగలిగేది బలంతో కాదు. ఆ గబగబా ఊపిర్లు ఒంట్లోని బొగ్గుపులుసు వాయువును తగ్గించేస్తాయి. గాలి కావాలని ఒంటికి గుర్తుచేసేది అదే. గుర్తు చెయ్యక ముందే స్పృహ తప్పుతుంది, పైన ఉన్నవాళ్లకు చప్పుడైనా వినబడదు. బాయి గట్టు మీద ఈల వేసే ముందు పిల్లాడు పైకొచ్చాడా లేదా చూడండి.