సలోన్ గడప దాటిన రంగులు

1874 ఏప్రిల్ 15. పారిస్‌లో బులివార్ దె కాపుసిన్, 35వ నంబరు భవనం. ఫొటోగ్రాఫర్ నాదార్ ఖాళీ చేసిన స్టూడియోలో సుమారు 30 మంది చిత్రకారులు సొంత ఖర్చుతో ప్రదర్శన పెట్టారు. టికెట్టు ఒక ఫ్రాంకు. క్లోద్ మోనే, రెన్వార్, దెగా, పిసారో, సెజాన్, బెర్త్ మోరిసో వారిలో ఉన్నారు. ఈ రోజు వాళ్ల బొమ్మలు కోట్ల ధర పలుకుతున్నాయి. ఆనాడు మాత్రం నెల రోజులు తెరిచి ఉంచినా వచ్చింది దాదాపు 3,500 మందే. ప్రదర్శన నష్టాల్లో ముగిసింది.

అంత సాహసం ఎందుకు?

అప్పట్లో ఫ్రెంచి చిత్రకారుడి బతుకు తెరువు సలోన్ చేతిలో ఉండేది. ప్రభుత్వ అండతో జరిగే ఆ ప్రదర్శనలో చోటు దొరికితేనే పేరు, బేరం. పురాణ గాథలు, చారిత్రక ఘట్టాలు, కుంచె జాడే కనిపించని నునుపు... చిత్రాలను ఎంపిక చేసే జ్యూరీ మెచ్చే బొమ్మకు ఇవీ లక్షణాలు. 1863లో జ్యూరీ సగానికి పైగా చిత్రాలను తిప్పికొట్టింది. గగ్గోలు పుట్టడంతో మూడో నెపోలియన్ చక్రవర్తి ఆ తిరస్కృత చిత్రాలకే వేరుగా ప్రదర్శన పెట్టించాడు. జ్యూరీ మాట వేదం కాదని యువ చిత్రకారులకు అప్పుడే ధైర్యం వచ్చింది.

పంది తిత్తి పోయి ట్యూబు వచ్చింది

ధైర్యానికి పనిముట్టు తోడయింది. అంతకుముందు రంగుపొడిని అవిసె నూనెతో నూరి, పంది మూత్రాశయంతో చేసిన తిత్తిలో కట్టి ఉంచేవారు. వాడేటప్పుడు మేకుతో పొడిచి పిండాలి. ఒకసారి పొడిచాక సరిగ్గా మూయడం కుదరదు. రంగు గట్టిపడిపోతుంది, తిత్తి పగిలితే సంచంతా పాడవుతుంది. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరపు ట్యూబుకు పేటెంటు తీసుకున్నాడు. కావలసినంత నొక్కుకుని, మళ్లీ మూత పెట్టుకోవచ్చు. దాంతో పెట్టె భుజాన వేసుకుని, రైలెక్కి సేన్ నది ఒడ్డున దిగి, కదిలే నీటిని అక్కడికక్కడే చిత్రించడం సులువైంది.

శాస్త్రమూ దారి చూపింది. గోబ్లిన్ నేత కర్మాగారంలో నలుపు దారం వెలవెలబోతోందని ఫిర్యాదులొస్తే, రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ పరీక్షించాడు. లోపం అద్దకంలో లేదు, పక్కనున్న రంగుల ప్రభావంలో ఉందని తేల్చాడు. 1839లో ఆయన రాసిన పుస్తకం తర్వాతి తరం చిత్రకారులకు ఎంతో పనికొచ్చింది.

సూర్యుడి కిటుకు

మోనే 1872లో ల హావ్ర్ రేవును హోటల్ కిటికీలోంచి చూసి గీసిన ‘ఇంప్రెషన్, సన్‌రైజ్’ 1874 నాటి ప్రదర్శనలో ఉంది. బూడిద, నీలం కలిసిన మంచులో చిన్న పడవలు, మసకగా క్రేన్లు, నారింజ రంగు సూర్యబింబం. ఈ బొమ్మను నలుపు తెలుపు ఫొటోగా మార్చి చూస్తే సూర్యుడు దాదాపు కనబడడు. చుట్టూ ఉన్న ఆకాశం కంటే అతనిలో వెలుతురు ఎక్కువేమీ లేదు. మన కంటికి అంతగా మెరిసేది కేవలం నీలం పక్కన నారింజ ఉన్నందువల్లే. విమర్శకుడు లూయీ లెరోయ్ తన వ్యాసంలో దీనికన్నా గోడకాగితం నయమన్నట్టు ఎగతాళి చేశాడు. ఆ వ్యాసంతోనే ‘ఇంప్రెషనిస్టులు’ అన్న పేరు వ్యాపించింది.

వెక్కిరింపులకు వాళ్లు వెనుదిరగలేదు. 1886 దాకా మొత్తం ఎనిమిది ప్రదర్శనలు జరిపారు. అన్నింటిలోనూ పాల్గొన్నది పిసారో ఒక్కడే. అప్పుల్లో మునిగినా వీళ్ల చిత్రాలు కొంటూ వచ్చిన వ్యాపారి ద్యురాన్ రుయెల్ 1886లో వాటిని న్యూయార్క్ తీసుకెళ్లాడు. అక్కడి కొనుగోలుదారులే వీళ్లను నిలబెట్టారు.

ఇంప్రెషనిజాన్ని కొందరు మేధావుల ప్రతిభగా మాత్రమే చూడటం అన్యాయం. ట్యూబు చేసిన రాండ్‌కు, దారం పరీక్షించిన షెవ్రల్‌కు, గది ఇచ్చిన నాదార్‌కు, డబ్బు పెట్టిన ద్యురాన్ రుయెల్‌కు ఆ చరిత్రలో న్యాయమైన వాటా ఉంది. ఇకపై ఏ గొప్ప చిత్రం చూసినా గీసిందెవరన్న దగ్గరే ఆగకండి. రంగు ఎలా తయారైంది, చోటు ఎవరిచ్చారు, మొదట ఎవరు కొన్నారు అని కూడా అడగండి.