ఆటగాడును ఆచార్యుడును

మనవారికి ఆటగాడు ఆడుచున్నంతకాలమే కంటికి కనబడును. కాళ్ళలో సత్తువ తగ్గిన పిమ్మట అతడేమయ్యెనో విచారించువారు అరుదు. పోలీసుశాఖలోనో రైల్వేలోనో బ్యాంకులోనో యొక కుర్చీ దొరకినచో, ‘అదృష్టవంతుడు, స్థిరపడినాడు’ అందురు. ఆటయే జీవనాధారముగా బ్రతికి, ఆడు వయస్సు చెల్లిన తరువాత ఆ విద్యనే యితరులకు నేర్పుచు కాలము గడపిన వానిని గూర్చి చెప్పుటకు మనకు సరియైన మాటయే లేదు. ఇంగ్లాండులో అట్టివానిని మేనేజరందురు. జీతము, అధికారము, ఓటమికి పూచీ, మూడును అతనివే. మన దేశమున ‘కోచి’ యను పేర పిలువబడు నతనికి పూచీ మాత్రము నిండుగా నుండును. తక్కిన రెండును క్లబ్బు కార్యదర్శి దయ. ఇట్టి బ్రతుకును కోరి చేపట్టిన వారిలో హైదరాబాదున 1944లో పుట్టిన సయ్యద్ నయీముద్దీన్ యొకడు. ఫుట్‌బాలు ఆటలో అతని చరిత్ర మన ప్రాంతపు చరిత్రలో నొక భాగమని మా యభిప్రాయము.

ఆ కథ చెప్పవలెనన్న ముందొక బడిపంతులు కథ చెప్పవలెను. ఆ పనియే చేయుచున్న మాకు ఇందు కొంత స్వపక్షాభిమానము కలదేమో. చదువరులు మన్నింతురు గాక. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, నగరములోని పాఠశాలలలో ఉపాధ్యాయుడై, వ్యాయామవిద్యలో డిప్లొమాను గూడ సంపాదించెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియయ్యెను. 1950 మొదలు హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షణ నిచ్చెను. ఆ జట్టు బొంబాయిలో జరుగు రోవర్సు కప్పును 1950 నుండి 1954 వఱకు వరుసగా అయిదేండ్లు గెలిచినది. కలకత్తా క్లబ్బులకు లక్షలాది యభిమానులుండిరి. వీరికి పోలీసు లైనులును ఒక మాస్టరును మాత్రమే యుండిరి.

ఆయన బోధనావిధానమును కొంచెము వివరింపవలసియున్నది. బంతిని కాలికడ నుంచుకొని యెదుటివానిని బోల్తా కొట్టించు నేర్పు మన పిల్లలకు సహజముగనే అబ్బును. చూపరులు చప్పట్లు కొట్టునదియు దానికే. రహీం దానిని నిషేధించి పందెములు పెట్టెను. బంతి చేరినంతనే తోటివానికి అందించి తీరవలెను. బలము తక్కువయైన కాలితోనే ఆడవలెనను నియమముతో వేఱొక పందెము. కుడిచేతివాటము గలవానిని ఎడమచేత అక్షరములు దిద్దింపుమన్నట్లున్నది గదా! కాని నెలలు గడచునప్పటికి పిల్లవానికి రెండు కాళ్ళును వశమగును. తల యెత్తి మైదానమంతయు చూచుట అలవాటగును. ఇది పాఠము చెప్పనేర్చిన వాని యుపాయమే గాని కేవలము ఆడనేర్చిన వానికి తోచునది కాదు.

ఆయన చేతిలో భారతజట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును గెలిచెను. 1952లో హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేత 10-1 గోలులతో చిత్తుగా ఓడెను. మనవారిలో పలువురు బూట్లు లేకయే ఆడిరి. 1956లో మెల్బోర్నునందు ఆతిథ్యమిచ్చిన ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి నాలుగవ స్థానమున నిలిచెను. ఆ జట్టులో సికింద్రాబాదు వద్ద అమ్ముగూడలో పుట్టిన తులసీదాసు బలరాం మొదలుగా హైదరాబాదు ఆటగాండ్రు పలువురుండిరి. 1962లో జకార్తాలో మొదటి పోటీయందు 2-0తో తమ్ము నోడించిన దక్షిణ కొరియానే తుదిపోటీలో 2-1తో జయించిరి. రక్షణపంక్తికి చెందిన జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడియుండగా, రహీం అతనిని ముందుపంక్తిలో నిలిపెను. ఆ రెండు గోలులలో నొకటి అతనిదే. ఆనాటికే క్యాన్సరు వ్యాధి ఆయనను లోలోపల తినివేయుచుండెను. 1963 జూన్ నెలలో రహీం కాలధర్మము చెందెను.

నయీముద్దీను ఆ గురువు కంటబడిన కడపటి తరమువాడు. సిటీ పోలీసు జట్టున ఆట మొదలిడి, 1966లో కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరెను. అప్పటికి ఇరువదిరెండేండ్లవాడు. ఇక్కడ నేల విడువవలెను? పోలీసు జట్టున నాడు ఆటగాడు చట్టము దృష్టిలో పోలీసే. అతని జీతము అతని హోదాకుగాని అతని యాటకు గాదు. కలకత్తాలో సభ్యుల చందాలు, టిక్కెట్ల రాబడి, క్లబ్బులలో ఒకదానిపై నొకటికి స్పర్ధ; ఆ స్పర్ధయే ఆటగానికి వెల కట్టుచుండెను. అచ్చటనైనను వృత్తియని బాహాటముగా నొప్పుకొన్నవారు లేరు. సొమ్ము చేతులు మారుచుండెను. కాగితముల మీద మాత్రము ప్రతివాడును ఏదో యొక కార్యాలయమున ఉద్యోగియే. ఈ దొంగాటకు లోబడక, ఉద్యోగములను కాదని ఆటనే నమ్ముకొన్నవాడు నయీమునకు సమకాలికుడైన మహమ్మద్ హబీబ్, అతడును హైదరాబాదువాడే. అందుచేతనే అతనిని మన దేశపు మొదటి వృత్తి ఫుట్‌బాలరని చెప్పుదురు. 1977లో పెలే ఆడిన న్యూయార్కు కాస్మాసు జట్టుతో మోహన్ బగాన్ 2-2గా సరితూగిన నాడు, ఆ రెంటిలో నొక గోలు హబీబుదే.

1970లో బ్యాంకాకు ఆసియా క్రీడలలో భారతజట్టునకు నాయకుడు నయీముద్దీను. ఆ జట్టున హబీబును ఉండెను. మూడవ స్థానమునకై జరిగిన పోటీలో జపానును 1-0తో గెలిచిరి. ఆ జపాను రెండేండ్లకు ముందు మెక్సికో ఒలింపిక్సులో కాంస్యము గెలిచిన దేశమని గుర్తుంచుకొన్నచో ఆ గెలుపు విలువ తెలియగలదు. ఆనాటి తరువాత ఆసియా క్రీడలలో ఫుట్‌బాలునందు మనకు పతకమే రాలేదు.

కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బులకును, అనగా ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగులకు, నయీముద్దీను ఆడెను. పిదప ఆ మూడింటికిని శిక్షకుడాయెను. ఆడిన చోటనే నేర్పుట సులువని తోచును గాని, సులువు కాదు. నిన్న భుజము తట్టిన కార్యదర్శియే నేడు లెక్క యడుగును; నిన్న గోలు పడకుండ నాపినందుకు జేజేలు కొట్టిన జనమే నేడు రాళ్ళు వేయును. 1990లో అతని శిక్షణయందు ఈస్ట్ బెంగాల్ ఒకే సంవత్సరమున ఐ.ఎఫ్.ఎ. షీల్డును, డ్యూరాండు కప్పును, రోవర్సు కప్పును మూడింటిని గెలిచినది. నయీమునకు పరమకఠినుడను పేరు కలదు. నిద్రలేచు వేళకును, తిండికిని, నడవడికిని హద్దులు పెట్టు శిక్షకుని కుఱ్ఱవాండ్రు ప్రేమింపరు. ఇల్లు విడిచి దూరముగా బ్రతుకు ఇరువదేండ్ల పిల్లవానికి, చేతిలో ఉన్నట్లుండి డబ్బు పడినపుడు, అట్టివాడొకడు వెనుక నుండుట మేలనియే మా తలంపు. దేశపుజట్టు సంగతి వేఱు. పలు క్లబ్బుల నుండి కొలదివారములకై కూడిన పెద్దవారియందు ఆ కాఠిన్యము అంతగా ఫలింపదేమో. అయినను 1997లో కాఠ్మాండులోను, 2005లో కరాచీలోను దక్షిణాసియా పోటీలను మనజట్టు గెలిచినది అతని చేతిక్రిందనే. 2006లో ఆసియా కప్పు అర్హతపోటీలలో ఓటములు కలుగగా ఆ పదవి పోయెను. మఱుసటి సంవత్సరమున బంగ్లాదేశపు జాతీయజట్టు అతనిని పిలిపించుకొనెను.

సంస్కృతము చదివిన మాకు ఈ సందర్భమున మాళవికాగ్నిమిత్రము జ్ఞప్తికి వచ్చుచున్నది. అందు ఇరువురు నాట్యాచార్యులు తమలో నెవ్వరు గొప్పయని కలహింతురు. వారిని పరీక్షించుటకు వారి నర్తింపుమనరు. శిష్యురాండ్రను రంగము మీదికి రప్పింతురు. గురువు కొలత శిష్యులయందే కలదని కాళిదాసు నాటికే తెలిసిన సంగతి. మన ప్రభుత్వమువారు నయీముద్దీనునకు అర్జున పురస్కారమును, 1990లో ద్రోణాచార్య పురస్కారమును ఇచ్చిరి. ఫుట్‌బాలు శిక్షకులలో ద్రోణాచార్యుడైన మొదటివాడతడే. భారతమందు అర్జునుడు విలువిద్య నేర్చి మెప్పించిన పిమ్మట ద్రోణుని కీర్తి వ్యాపించినది.  

ఇంతకును మా మనస్సును కలచు విషయము వేఱు. హబీబు జంషెడ్‌పూరులో టాటా అకాడమీ పిల్లలకు నేర్పెను. హైదరాబాదువాడే యైన షబ్బీర్ అలీ గోవాలోని సాల్గావ్‌కర్ క్లబ్బునకు శిక్షకుడై 1998-99లో జాతీయ లీగును గెలిపించెను. నయీము కలకత్తాలోను, ఢాకాలోను నేర్పెను. రహీం నాటిన విత్తుల ఫలములన్నియు పరుల తోటలలో రాలినవి. సొంతగడ్డ మీద మిగిలినదేమి? సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57లోను, ఆ మఱుసటి యేటను, ఆంధ్రప్రదేశము 1965-66లోను గెలిచెను. ఆ పిమ్మట తెలుగువారి రాష్ట్రమేదియు దానిని గెలువలేదు. 2019లో హైదరాబాదు పేర నొక క్లబ్బు వెలసి, 2022లో ఇండియన్ సూపర్ లీగును గెలిచినపుడు మేమును సంతోషించితిమి. శిక్షకుడు స్పెయిను దేశస్థుడు. అందు తప్పులేదు, విద్య యెక్కడ నుండి వచ్చినను విద్యయే. కాని రెండేండ్లలోనే ఆటగాండ్రకు జీతములు బాకీపడి, 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయెను. డబ్బు తెచ్చినవాడు డబ్బు తీసికొని పోవును. రహీం కట్టినది బడులయందు గనుక ఆయన పోయిన పిమ్మట గూడ కొన్నియేండ్లు నిలిచినది; ఆ బడులలో మాస్టరు స్థానము ఖాళీ పడినపుడు దానిని పూరించువారు లేక కూలినది.

మా మెదకు హైదరాబాదునకు సుమారు 100 కిలోమీటర్లు. జిల్లాలలోని పాఠశాలలలో ఆటల గంట పట్టికయందు కలదు. సంక్రాంతి దాటినంతనే అది పదవ తరగతి లెక్కల గంటగా మారును. వ్యాయామోపాధ్యాయుని పనికి బి.పి.ఇడి. వంటి పట్టము కావలయును. పదిహేనేండ్లు రాష్ట్రజట్టున ఆడి మోకాలు చెడి యింట కూర్చున్నవానికి ఆ పట్టముండదు గనుక, నేర్పవలెనని యున్నను బడి గుమ్మము దాటలేడు. అట్టివానికి ఆఱునెలలు బోధనాపద్ధతి నేర్పి, జిల్లాకు ఇద్దఱు ముగ్గురినైన నియమింపవచ్చునని మా సూచన. ఆట తెలిసినవానికి బోధన నేర్పుట, బోధన తెలిసినవానికి ఆట నేర్పుటకన్న సులభము. రహీం వంటివారు తఱచుగా పుట్టరు. జీతములకు సొమ్మెక్కడిదని పెద్దలడుగుదురు. వేసవిలో మా పట్టణపు కుఱ్ఱవాండ్రు క్రికెట్టు పందెములు పెట్టినపుడు షామియానాకు, మైకులకు, మనిషెత్తు కప్పులకు చందాలు వారము తిరుగకముందే పోగగుచున్నవి.