రాయి అబద్ధం చెప్పదు, బొమ్మ చెబుతుంది

భిలాయి కొలుముల కోసం నందిని గనుల్లో సున్నపురాయి తవ్వారు. ఈ ఛత్తీస్‌గఢ్ సున్నపురాళ్ళలో కొన్నిచోట్ల ఉల్లిపాయ కోసినట్టు పొరలు పొరలుగా గుర్తులుంటాయి. వీటిని స్ట్రోమటోలైట్లంటారు. వందకోట్ల ఏళ్ళ పైనాటి సూక్ష్మజీవుల పని అది. తెలియనివాడు శేషుడి పడగ అని పసుపు రాస్తాడు. భూగర్భ శాస్త్రజ్ఞుడు పక్కన సుత్తి పెట్టి ఫొటో తీస్తాడు.

సుత్తి ఎందుకు? కొలత కోసం. అది లేకపోతే ఆ పొర అంగుళమో గజమో చూసేవాడికి తెలియదు. పత్రికకు పంపేటప్పుడు బొమ్మ కింద ఇంకా కొన్ని రాయాలి: ఎక్కడ దొరికింది, ఏ పొరలో, నమూనా నంబరెంత, ఇప్పుడు ఎక్కడ భద్రపరిచారు. చాదస్తంలా కనిపిస్తుంది. కానీ ఇవన్నీ "నీకెలా తెలుసు?" అనే ప్రశ్నకు జవాబులే.

ఈ జవాబులు ఎవరూ సరిచూడకపోతే ఏమవుతుందో మన దేశంలోనే జరిగింది. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు విశ్వజిత్ గుప్తా హిమాలయ శిలాజాల మీద పాతికేళ్ళపాటు వందల వ్యాసాలు అచ్చేశాడు. 1989లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు జాన్ టాలెంట్ 'నేచర్' పత్రికలో ఆయన గుట్టు విప్పాడు. హిమాలయాలవని చూపిన కోనోడాంట్లు న్యూయార్క్ రాష్ట్రంలోని ఆమ్స్‌డెల్ క్రీక్‌లో దొరికేవాటిలా ఉన్నాయి. అమ్మోనాయిడ్లు మొరాకోలోని ఎర్‌ఫూద్‌లో దుకాణాల్లో అమ్మే సరుకులా ఉన్నాయి. ఒకే నమూనా ఫొటో వేరువేరు వ్యాసాల్లో, వేరువేరు ఊళ్ళ పేర్లతో కనిపించింది. విశ్వవిద్యాలయం విచారణలో తప్పు రుజువైంది. అయినా ఉద్యోగం మాత్రం పోలేదు.

ఇక్కడ మనం ఆలోచించాల్సింది గుప్తా గురించి కాదు, ఆయనతో కలిసి పేరు వేసుకున్న వంద మందికి పైగా సహరచయితల గురించి. వాళ్ళలో చాలామంది మంచివాళ్ళే, నిపుణులే. చేతికిచ్చిన రాయికి శాస్త్రీయ నామం పెట్టారు. అది దొరికిందన్న చోటుకు మాత్రం వెళ్ళి చూడలేదు. "పెద్దమనిషి చెప్పాడు గదా" అనుకున్నారు. బాబా గాలిలోంచి విభూతి తీస్తే భక్తుడు అనుకునేదీ అదే.

తర్వాత కాలంలో పత్రికలు మేలుకున్నాయి. అంగీకరించిన వ్యాసాల్లో బొమ్మల్ని 'జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ' 2002 నుంచి అచ్చుకు ముందే పరీక్షించసాగింది. ఎలిజబెత్ బిక్, సహచరులు 20,621 జీవవైద్య వ్యాసాలు చూసి, సుమారు 3.8 శాతంలో బొమ్మలు అనుమానాస్పదంగా ఉన్నాయని 2016లో ప్రకటించారు. అందులో పొరపాట్లూ ఉంటాయి, మోసాలూ ఉంటాయి.

"చూశారా, మీ సైన్సూ అంతే" అని కొందరు సంబరపడతారు. గుప్తాను పట్టుకున్నది జ్యోతిష్కుడు కాదు, మరో శిలాజ శాస్త్రజ్ఞుడు. అది నిజమే. కానీ పట్టుకోవడానికి పాతికేళ్ళు పట్టింది. అదీ నిజమే. రెండోది దాచి మొదటిదే చెప్పుకుంటే మనమూ భక్తులమే. బాబా ఫొటోను అడిగే ప్రశ్నే పత్రికలో బొమ్మనూ అడుగుదాం: ఇది ఎక్కడిది? ఎవరు చూశారు? ఇంకొకరు వెళ్ళి చూడొచ్చా?