మందలోనే మొదలయ్యే రంగు: దక్కనీ గొంగడి నేతలో గొర్రె జాతి, ఉన్ని, వర్ణం

చేతిమగ్గం మీద నేసిన ఉన్ని కంబళ్ల గురించి రాసేవారు రంగు దగ్గర ఎక్కువసేపు ఆగుతారు. ఏ వేరు, ఏ బెరడు, ఏ పురుగు, ఏ పండు తొక్క అని ఆరా తీస్తారు. తెలంగాణ గొంగడి విషయంలో ఈ ఆరా ముందుకు సాగదు. గొంగడికి అద్దకం లేదు. దాని నలుపు గొర్రె ఒంటి మీదే పుట్టింది, రంగుబానతో దానికి పనిలేదు. అద్దకం లేదు గనుక రంగు విద్య కూడా లేదనుకుని, గొంగడి కథను మగ్గం దగ్గర మొదలుపెట్టి మగ్గం దగ్గరే ముగించడం అలవాటైంది. నా పరిశీలన దీనికి భిన్నమైనది. గొంగడి రంగు విద్య మందలో ఉంది. ఏ పొట్టేలును ఉంచుకోవాలి, ఏ పిల్లను అమ్మేయాలి, ఏ బొచ్చును ఏ కుప్పలో వేయాలి అన్న నిర్ణయాలే దానికి అద్దకం. ఆ నిర్ణయాలు కాపరి చేతిలోంచి జారిపోతే మగ్గాన్ని ఎంత ఆదుకున్నా గొంగడి మిగలదని ఈ వ్యాసంలో చూపదలిచాను.

కోశంలో ఎరుపు, వానలో నలుపు

కంబళం అథర్వవేద కాలానికే తెలిసిన వస్త్రం. బుద్ధుని సమకాలికుడైన భౌతికవాది అజితుణ్ణి ఆయన కప్పుకున్న వెంట్రుకల కంబళితోనే లోకం గుర్తుపెట్టుకుంది, అజిత కేశకంబళి అని. కౌటిల్యుడి అర్థశాస్త్రం రెండో అధికరణంలో, కోశంలో చేర్చదగిన విలువైన వస్తువులను పరీక్షించే ప్రకరణంలో, గొర్రె ఉన్ని కంబళ్లు తెల్లనివి, పూర్తిగా ఎర్రనివి, తామర ఎరుపువి అని రంగును బట్టి వేరవుతాయి. ముట్టుకుంటే తడిగా జారినట్టుండి, సన్నగా, మెత్తగా ఉన్నది శ్రేష్ఠమంటాడు. అదే చోట నేపాళ దేశపు కంబళి ఒకటి వస్తుంది. ఎనిమిది ముక్కలు కలిపి చేసినది, నల్లనిది, వానను ఆపేది.

ఉన్ని వస్త్రాల చరిత్ర రెండు దారులుగా చీలడం ఈ జాబితాలోనే నాకు కనిపిస్తుంది. ఒక దారి మెత్తదనం వైపు, రంగు వైపు, ఇంటి లోపలి వైభవం వైపు పోయింది. రంగు పట్టాలంటే ముందు ఉన్ని తెల్లగా ఉండాలి. అడవి గొర్రె గోధుమ రంగుది, తెల్ల గొర్రె మనిషి తరతరాలుగా ఏరుకుంటూ తెచ్చుకున్నది. అద్దకం పెరిగిన చోటల్లా తెల్ల ఉన్నికి గిరాకీ పెరిగి, నల్ల గొర్రె మందలో అనవసరమైనదైంది. రెండో దారి ఆరుబయట బతికేవాళ్లది. వాళ్లకు కావలసింది వానను ఆపే, ముళ్లకు చిరగని, మట్టి కనబడని బట్ట. దక్కన్ పీఠభూమి గొర్రెల కాపరులు, అంటే తెలంగాణ కురుమలు, గొల్లలు, రాయలసీమ, కర్ణాటకల కురుబలు, మహారాష్ట్ర ధనగర్లు, ఈ రెండో దారిన నడిచారు.

అద్దకం తెలియక అలా నడిచారని అనలేం. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు ఉన్నాయి. రసాయన శాస్త్రవేత్త పెర్కిన్ మొదటి కృత్రిమ రంగును కనుగొన్నది 1856లో. అంటే ఆ తివాచీల మీద ఉన్న రంగులన్నీ ప్రకృతి నుంచి తీసినవే. ఏలూరులోనూ తివాచీల నేత సాగింది. మచిలీపట్నం అద్దకపు పనివారికి చిరువేరు ఎరుపు, నీలిమందు నీలం తరతరాల విద్య. ఇంత దగ్గరలో ఇంత నైపుణ్యం ఉండి కూడా గొంగడి దాన్ని పిలవలేదు. ఇది లోపం వల్ల జరిగినది కాదు, ఎంపిక వల్ల జరిగినదని నేను భావిస్తున్నాను. ఎందుకో తెలియాలంటే నలుపు గురించి కొంచెం వివరంగా చూడాలి.

నలుపు పోగులో ఎక్కడ ఉంటుంది

ఉన్ని కెరటిన్ అనే ప్రోటీన్. అద్దకానికి ఇది చాలా అనుకూలమైన పోగు. నూలుకు చిరువేరు ఎరుపు పట్టించాలంటే కలంకారీ పనివారు ముందుగా కరక్కాయ, పాలు పట్టించి, ఆ తర్వాత పటిక వాడాలి. ఉన్నికి ఇంత తతంగం అక్కర్లేదు. పటిక నీళ్లలో మరిగిస్తే చాలు, లక్క ఎరుపైనా దానిమ్మ తొక్క పసుపైనా గట్టిగా పట్టుకుంటుంది.

చిక్కు నలుపుతోనే వస్తుంది. మన కలంకారీలో నలుపు కోసం తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో వేసి పులియబెడతారు. ఆ ద్రవం కరక్కాయ పట్టించిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. ఇనుము, వగరు పదార్థం కలిసి పుట్టిన ఈ నలుపు చూడటానికి గంభీరంగా ఉంటుంది కానీ కాలం గడిచేకొద్దీ పోగును తినేస్తుంది. మ్యూజియాల్లోని పాత వస్త్రాల్లో మిగతా రంగులన్నీ నిలిచి, నల్ల గీతలు మాత్రమే పొడిపొడిగా రాలిపోవడం పరిరక్షకులకు బాగా తెలిసిన సమస్య. ఉన్నికి కూడా ఈ ముప్పు తప్పదు.

దక్కనీ గొర్రె నలుపు అలాంటిది కాదు. అది మెలనిన్. పోగు పెరుగుతున్నప్పుడే దాని లోపల కణికలుగా చేరుతుంది. ఉతికితే దిగదు, రాసుకుంటే అంటదు, పోగును బలహీనపరచదు. ఎండకు మాత్రం కొంత లొంగుతుంది. గొర్రె వీపు మీద బొచ్చు కొసలు ఎండలో వెలిసి ఎరుపు కలిసిన గోధుమ రంగుకు తిరుగుతాయి, మొదళ్లు నల్లగానే ఉంటాయి. అందుకే చేతితో వడికిన దక్కనీ నూలు దగ్గరగా చూస్తే ఒకే నలుపుగా ఉండదు. వయసు కూడా రంగును మారుస్తుంది. పిల్ల మొదటి కత్తిరింపు ఉన్ని అన్నిటికంటే నల్లన, అన్నిటికంటే మెత్తన. ముదురు గొర్రెలో నెరుపు కనిపిస్తుంది. మందలో తెల్ల మచ్చలవి, బూడిద రంగువి కూడా ఉంటాయి. కాపరి కత్తిరించేటప్పుడే వీటిని విడదీస్తాడు. మంచి గొంగడికి పిల్ల ఉన్ని, అంచు చారకు తెల్ల ఉన్ని, పరుపు కిందికి కలగలుపు. ఒకే మందలోంచి నాలుగైదు ఛాయలు తీసే ఈ పనిని అద్దకం వాడి పనికంటే తక్కువగా చూడటానికి నాకు కారణం కనబడదు.

చింతగింజల గంజి

బొచ్చు ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. కత్తెర పట్టడానికి ముందు గొర్రెలను చెరువులోనో కుంటలోనో కడుగుతారు. ఒక కత్తిరింపులో గొర్రెకు వచ్చేది అరకిలో లోపే. రెండు మూడు కిలోల గొంగడి వెనుక ఆరేడు గొర్రెలకు తగ్గకుండా ఉంటాయన్నమాట. ఉన్నిని ఏకి, వడికే పని ఎక్కువగా ఆడవాళ్లది. గుంట మగ్గం మీద నేత మగవాళ్లది. కూలి లెక్కల్లో వడకడం ఎప్పుడూ చిన్నదిగానే కనిపిస్తుంది, నిజానికి గొంగడి తయారీలో అత్యధిక కాలం పట్టేది అదే.

దక్కనీ ఉన్ని ముతకది. మెరినో గొర్రె పోగుకంటే బాగా లావు, మధ్యలో వెంట్రుకలాంటి పోగులూ కలిసి ఉంటాయి. అటువంటి నూలు పడుగులో నిలవాలంటే గంజి కావాలి. దానికి వాడేది చింతగింజలు. వేయించి, నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉడికిస్తే చిక్కటి జిగురు వస్తుంది. దాన్ని పడుగుకు కుంచెతో రుద్ది ఆరబెడతారు. నూలు బట్ట నేతలో గంజి తాత్కాలికం, మొదటి ఉతుకులో పోవాలి. గొంగడిలో గంజిని ఉండనిస్తారు. కొత్త గొంగడి అట్టలా బిర్రుగా ఉండేది అందుకే. నేతలోని సందులను గంజి మూస్తుంది, పోగుకు సహజంగా ఉండే కొవ్వు నీటిని జారుస్తుంది, కప్పుకునేకొద్దీ బట్ట లొంగుతుంది. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమను పీల్చుకున్నా ఒంటికి తడి తెలియనివ్వదు. పైగా తేమను పీల్చేటప్పుడు కొంత వేడిని కూడా విడుదల చేస్తుంది. రాత్రంతా చేనులో మంద కట్టి, వానలో నిలబడి కాపలా కాసే మనిషికి ఈ లక్షణాలే ఇల్లు.

తెలుగువారి సామెతల్లో ఈ పదార్థ జ్ఞానం భద్రంగా ఉంది. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరడం అనేది ముతక పోగు రాలే గుణం తెలిసినవాళ్ల మాట. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అనడంలోనూ ఆ బట్ట బరువు, బిర్రుతనం ఉన్నాయని నా అభిప్రాయం. పలచటి దుప్పటి మీద ఆ సామెత పుట్టేది కాదు.

ఇక గొంగడి సామాజిక స్థానం గురించి ఒక్క మాట. కురుమల దైవం బీరప్ప కొలుపులో, పెళ్లి తంతుల్లో అది పీఠం. ప్రజాగాయకుడు గద్దర్ భుజాన గొంగడి వేసుకుని వేదికెక్కినప్పుడు ఆ నల్లదనం ఎవరి పక్షమో చెప్పడానికి వేరే మాట అవసరం లేకపోయింది.

గొర్రెలు పెరిగాయి, ఉన్ని పోయింది

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో గొర్రెలు సుమారు 1.91 కోట్లు. దేశంలో మొదటి స్థానం. 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్ రెండోది. ఉన్ని నేతకు ఇంతకంటే అనువైన నేల ఉండదని ఈ అంకెలు చూసి అనుకోవచ్చు. కానీ అవి జాతిని చెప్పవు. నెల్లూరు గొర్రె, అందులోని జోడిపి, పల్ల రకాలు, ఎత్తుగా, బరువుగా ఎదిగే మాంసపు గొర్రెలు. వాటి ఒంటి మీద ఉన్నది పొట్టి వెంట్రుక, వడకడానికి పనికొచ్చే ఉన్ని లేదు. మాంసం ధర పెరిగేకొద్దీ దక్కనీ మందల్లోకి నెల్లూరు పొట్టేళ్లు వచ్చాయి. రెండు మూడు ఈతలు తిరిగేసరికి మందలో కత్తిరించదగ్గ బొచ్చే తగ్గిపోతుంది. మిగిలిన దక్కనీ గొర్రెలకు కత్తిరింపు ఖర్చు ఉన్ని ధరను మించడంతో కోసిన బొచ్చును పారేస్తున్న ఊళ్లున్నాయి.

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన గొర్రెల పంపిణీ పథకం కాపరులకు పెద్ద అండ అయింది. 20 ఆడగొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్, అప్పట్లో 1.25 లక్షల రూపాయల విలువ, అందులో 75 శాతం రాయితీ. ఆ మేలును నేను తక్కువ చేయను. అయితే గొర్రెలను పొరుగు రాష్ట్రాల నుంచి కొని తెచ్చారు, పథకం లెక్కించింది మాంసాన్ని. ఏ జాతి వస్తే ఏ వృత్తి నిలుస్తుందన్న ప్రశ్న అందులో లేదు. కాపరి సంక్షేమం, గొంగడి సంక్షేమం ఒకటే అనుకుంటే ఇక్కడ పొరబడతాం.

ఖాళీ అయిన చోటును పానిపట్ మిల్లుల దుప్పట్లు నింపాయి. పాత ఉన్ని బట్టలను చీల్చి, మళ్లీ వడికి నేసేవి అవి. చవకవి, పేదవాడికి చలి కాచేవి. వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. నన్ను ఎక్కువగా కలతపెట్టేది మరొకటి, బయటి తెల్ల ఉన్నికి మొక్కల రంగులద్ది దాన్ని దక్కన్ సంప్రదాయంగా అమ్మడం. రంగు సహజమైనదే. సంప్రదాయం మాత్రం ఈ నేలది కాదు.

నవాహోల అనుభవం

ఇటువంటి కథ మరొకచోట ముందే నడిచింది. అమెరికా నైరుతి ప్రాంతపు నవాహో జాతి నేతకు ఆధారం స్పెయిన్ వాళ్లతో వచ్చిన చుర్రో గొర్రె. కొవ్వు తక్కువ, పొడుగాటి పోగు, తెలుపు నుంచి నలుపు దాకా సహజ ఛాయలు. వాళ్ల పాత కంబళ్లలోని ఎరుపు మాత్రం లక్కతోనో కొచినీల్ పురుగుతోనో అద్దిన బయటి బట్టను విప్పి తీసిన దారం. 1863-64లో అమెరికా సైన్యాధికారి కిట్ కార్సన్ దండయాత్ర వాళ్ల మందలను నాశనం చేసింది. 1868 ఒప్పందంలో అమెరికా ప్రభుత్వం వాళ్లకు 15,000 గొర్రెలు, మేకలు ఇస్తామంది. తర్వాత అదే ప్రభుత్వం మందలను మెరుగుపరచాలని రాంబుయే పొట్టేళ్లను తెచ్చింది. వాటి ఉన్ని సన్నం, పొట్టి, జిడ్డు ఎక్కువ, చేతితో వడకడానికి మొండికేస్తుంది. 1930లలో ఇండియన్ వ్యవహారాల కమిషనర్ జాన్ కాలియర్ హయాంలో నేల కోతను ఆపడానికని లక్షల గొర్రెలను తగ్గించినప్పుడు చుర్రో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

మన వాదానికి కీలకమైన విషయం ఇక్కడుంది. సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే మొక్కల రంగుల పునరుద్ధరణ కూడా జరిగింది. 1920లలో నవాహో ప్రాంతంలోని చిన్లీ దగ్గర కళాపోషకురాలు మేరీ కాబట్ వీల్‌రైట్, వ్యాపారి కోజీ మెక్‌స్పారన్ దాన్ని ప్రోత్సహించారు, అందమైన కంబళ్లు వచ్చాయి. కానీ ఆ పునరుద్ధరణ చుర్రోను కాపాడలేకపోయింది. రంగు తిరిగొస్తుండగానే గొర్రె వెళ్లిపోయింది. అద్దకం దాదాపు వాడకుండా గోధుమ, బూడిద, నలుపు ఉన్నులతోనే నేసే టూ గ్రే హిల్స్ ప్రాంతపు నవాహో నేతకారులకు ఆ ఛాయలు మందల నుంచే రావాలి. గొర్రెను వెనక్కి తేవడానికి వేరే ప్రయత్నం అవసరమైంది. పశుశాస్త్రవేత్త లైల్ మెక్‌నీల్ 1977లో మారుమూల మందల్లో మిగిలిన చుర్రోలను వెతికి, పెంచి, నవాహో కుటుంబాలకు తిరిగి అందించడం మొదలుపెట్టాడు.

దక్కనీ జాతి ఇంకా ఆ స్థితికి చేరలేదు. జాతీయ పశు జన్యు వనరుల సంస్థ గుర్తించిన జాతుల్లో అది ఉంది. పశువైద్యులు స్థాపించిన ఆంత్ర సంస్థ కాపరులతో కలిసి దాని కోసం చాలాకాలం పనిచేసింది. ఆ స్థితి రాకూడదంటే, గొంగడి మీద పరిశోధన చేసేవారు తమ నమోదులో పడుగు పేకల లెక్కతో పాటు గొర్రె జాతి, దాని వయసు, ఏ కాలపు కత్తిరింపు, కాపరి ఏ ఛాయగా విడదీశాడు అన్నవి కూడా రాయాలి. మ్యూజియం చీటీలోనూ, అమ్మకపు చీటీలోనూ ఇవి ఉండాలి. పథకాల విషయానికొస్తే, మెదక్, సిద్దిపేట, మహబూబ్‌నగర్, నారాయణపేట వైపు దక్కనీ ఆడగొర్రెలు మిగిలిన మందలకు ఇచ్చే పొట్టేలు నల్ల ఉన్ని దక్కనీదే కావాలని అడిగే వీలు కాపరికి ఉండాలి. మాంసపు ధరలో అతనికి వచ్చే తేడాను ఉన్ని కొనుగోలు ధరలో భర్తీ చేయాలి.