మార్సేల్సు రేవు, హేగ్ తీర్పు

1910 జూలై 8వ తేదీ ఉదయమున, ఫ్రాన్సు దేశపు మార్సేల్సు రేవునందు నిలిచియున్న మోరియా యను ఆంగ్లేయ నౌకలో మరుగుగదికి పోయిన యొక ఖైదీ, గుండ్రని కిటికీలో దేహమును దూర్చి నీటిలోనికి దుమికి, ఈది గట్టెక్కి, రేవు వెంబడి పరుగిడెను. అతడు వినాయక దామోదర సావర్కరు. ఆ మార్చి నెలలో లండనునందు నిర్బంధింపబడి, పరారీయైన నేరస్థులను గూర్చి బ్రిటిషువారు 1881లో చేసిన శాసనము ననుసరించి విచారణకై బొంబాయికి కొనిపోబడుచుండెను. కొన్ని నిమిషములలోనే ఫ్రెంచి నౌకాపోలీసు అధికారి యొకడు అతనిని పట్టుకొనగా, ఓడనుండి దిగివచ్చినవారు చేయూత నిచ్చి మరల నోడ నెక్కించిరి. మరునాడు ఓడ సాగిపోయెను.

పరుగిడినవాని యాశ నిరాధారము కాదు. రాజకీయాపరాధులను పరరాజ్యమున కప్పగింపరాదని 1833లో బెల్జియము శాసనము చేసినది మొదలు ఆ నియమము ఐరోపాలో క్రమముగా వ్యాపించి, 1870లో ఇంగ్లండు చట్టమునందును చోటు చేసికొనెను. ఫ్రెంచి నేలను శరణుజొచ్చుట మనవారికిని క్రొత్త కాదు: సుబ్రహ్మణ్య భారతి 1908లోను, అరవిందులు ఆ 1910 ఏప్రిల్‌లోను పుదుచ్చేరి చేరియుండిరి, మన గోదావరీతీరమందలి యానాములోను ఆనాడు ఎగురుచుండినది ఫ్రెంచి పతాకమే.

అయినను సావర్కరు ఎరుగని వ్యవహార మొకటి తెరవెనుక ముందే నడచియుండెను. జూన్ 29వ తేదీన లండను పోలీసు ప్రధానాధికారి, ఇట్టి ఖైదీ ఇట్టి యోడలో మార్సేల్సు మీదుగా పోవునని పారిసులోని పోలీసు శాఖాధిపతికి లేఖ వ్రాసెను. జూలై 4వ తేదీన మార్సేల్సు ప్రిఫెక్టునకు తంతి పోయెను. ఓడ రేవు చేరగనే ఫ్రెంచి పోలీసు అధికారి యొకడు పైకి వచ్చి, కాపలా విషయమున సాయపడుదునని చెప్పెను. ఎట్టి యలజడియు జరుగకుండ తగిన యుత్తరువు లిచ్చితినని పారిసునుండి ప్రత్యుత్తరము వ్రాయబడినది జూలై 9వ తేదీన, అనగా ఖైదీ దుమికి పట్టువడిన మరునాడు! ఈ లేఖలలో ఏ న్యాయాధిపతి సంతకమును లేదు. అప్పగింత కోరిన అర్జీ లేదు. కోరినచో అది రాజకీయ నేరమా కాదా యని విచారింపవలసివచ్చెడిది. ఆ విచారణను తప్పించినది ద్వేషము గాదు, రెండు శాఖల నడుమ నడచిన మర్యాదయే యని నా యభిప్రాయము.

జీన్ జోరేస్ నడపిన లుమానితే పత్రిక ఫ్రాన్సున గగ్గోలు లేవదీసెను. ఫ్రెంచి ప్రభుత్వము ఖైదీని తిరిగి తమకు చేర్పుమని కోరగా, వివాదము హేగ్ మధ్యవర్తి న్యాయస్థానమున కెక్కెను. బెల్జియము మాజీ ప్రధాని బేర్నార్ట్ అధ్యక్షుడుగా, ఫ్రాన్సునుండి లూయీ రెనో, ఇంగ్లండునుండి డెసార్ట్ ప్రభువు మున్నగు ఐదుగురు కూర్చుండి, 1911 ఫిబ్రవరి 24వ తేదీన తీర్పు చెప్పిరి. అప్పగింతలో అక్రమము జరిగినమాట నిజమే. అయినను పరదేశపు అధికారి చేసిన పొరపాటు కారణముగా ఖైదీని మరల నొప్పగింపవలెనను నియమము అంతర్జాతీయ ధర్మమున లేదు, అని దాని సారము. రాజకీయాపరాధికి శరణు నిచ్చిన తొలి శాసనము పుట్టిన దేశమువాడే ఆ పీఠమున కధ్యక్షుడు! వివాదము రెండు రాజ్యములది. ఖైదీ అందు పక్షము కాడు, అతని తరఫున వకీలు లేడు. హేగ్ విచారణ ముగియకమునుపే బొంబాయిలో అతనికి రెండు యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్షలు, వెరసి యేబది సంవత్సరములు, విధింపబడియుండెను.

పిమ్మట కాలము కొంత మారినది. 1956 నాటి ఇంటర్‌పోల్ నియమావళి రాజకీయ, సైనిక, మత, జాతి విషయములలో జోక్యమును నిషేధించెను. మన 1962 నాటి అప్పగింత చట్టము రాజకీయ నేరమున కప్పగింపును నిషేధించుటయే గాక, మేజిస్ట్రేటు ఎదుట సాక్ష్యము చూపుకొను హక్కును కోరబడిన వ్యక్తికే యిచ్చెను. 1989లో స్ట్రాస్‌బర్గు మానవహక్కుల న్యాయస్థానమున, బ్రిటనులో నిర్బంధమందున్న యొక జర్మను యువకుడు తన యప్పగింతకు తానే యడ్డుచెప్పి గెలిచెను: మరణశిక్షకై సంవత్సరముల తరబడి నిరీక్షించు నరకమునకు వానిని అమెరికాకు పంపరాదని తీర్పు. మరణశిక్ష పడదగిన యభియోగము మోపబోమని హామీ లభించిన పిదపనే, 1990లో బ్రిటను అతనిని అప్పగించెను.